మంత్రసాని ఆర్వెల్లా వయసు

స్వీట్‌గమ్ వాగుకి ఇవతలి గట్టున పుట్టిన ప్రతి నల్లబిడ్డా, కొందరు తెల్లబిడ్డలూ, ఈ లోకంలో మొట్టమొదట చూసిన మొహం ఆర్వెల్లా టిన్‌స్లీది. "ఆ మొహం చూసి ఏడవని బిడ్డ లేదు" అనేది అవతలి గట్టు మంత్రసాని టెంపీ రివర్స్. "ఏడవకపోతే కదే భయపడాల్సింది" అనేది ఆర్వెల్లా. ఈ రెండు మాటలూ వారానికొకసారైనా, నలభై ఏళ్లుగా, ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి వెళ్తూనే ఉన్నాయి. ఇద్దరికీ విసుగు పుట్టలేదు.

అమెరికాలో జార్జియా తీరపు మంత్రసానుల గురించి ఇప్పుడు రాసేవాళ్లు రెండు రకాలు. ఒక రకం వాళ్లని దేవతల్ని చేసి గోడకి తగిలిస్తారు. రెండో రకం, గోళ్లలో మట్టి పెట్టుకుని తిరిగిన ముసలమ్మలంటారు. మొదటివాళ్లని చూస్తే ఆర్వెల్లా నవ్వేది, రెండోవాళ్లు ఎదురైతే చేతులు చాపి గోళ్లు చూపించేది. ఆమె పేకాటలో తొండి చేసేది. పాస్టరుగారి ప్రసంగంలో కునికేది. ఇంకొకరు కాల్చిన మొక్కజొన్న రొట్టె తుంచి, వాసన చూసి, మర్యాదగా పక్కన పెట్టేది. అయితే నొప్పులు పడుతున్న మనిషి పక్కన ఆమె వచ్చి కూర్చుందంటే, ఆ గదిలో భయానికి కూర్చునే చోటుండేది కాదు.

ఆ చెయ్యి అమ్మమ్మ నుంచి వచ్చింది. అమ్మమ్మ బానిసగా ఉన్న రోజుల్లో దొరసానికీ, దొర పొలంలో పత్తి ఏరే ఆడవాళ్లకీ ఒకే చేత్తో పురుడు పోసింది. స్వేచ్ఛ వచ్చాక ఆ పని కూతురికి, కూతురి నుంచి మనవరాలికి దక్కింది. పట్నంలో డాక్టరున్నాడు. ఆయన గుర్రం గాని, తర్వాత కొన్న కారు గాని ఇసుకదారి చివరి ఇళ్లదాకా ఎప్పుడూ రాలేదు. పందొమ్మిది వందల ఇరవైల్లో ప్రభుత్వానికి ఉన్నట్టుండి మంత్రసానులు కనిపించారు. పసిపిల్లలు చచ్చిపోతున్నారని పైనుంచి అడిగారు. మలేరియానీ ఆకలినీ దూరాన్నీ వదిలేసి, ముసలమ్మల సంచుల్లో కారణం వెతికారు. అన్యాయమే. కాని ఆ వెతుకులాటలోనే పుట్టగానే కళ్లలో వేసే చుక్కల మందు కూడా వచ్చింది. ఆర్వెల్లా ఆ సీసాని మాత్రం గుండెకి హత్తుకుంది. పుట్టినప్పుడు చూపుండి పదో రోజుకి గుడ్డివాళ్లైపోయిన పిల్లల్ని ఆమె నలుగుర్ని ఎత్తుకుని తిరిగింది.

మిగతా నిబంధనల్ని వాటి చోట ఉంచింది. ఆమెకి రెండు సంచులు. నల్లతోలు సంచీ తనిఖీది: ఉడకబెట్టి ఇస్త్రీ చేసిన తెల్లబట్ట, కత్తెర, బొడ్డుకి కట్టే నాడా, చుక్కల సీసా, తెల్ల ఏప్రన్, జనన పత్రాలు. పిండిసంచీ గుడ్డతో కుట్టిన రెండోది తతంగానిది: మిరియాల కషాయానికి మిరియాలు, మాయ దిగడానికి బాలింత చేత ఊదించే ఖాళీ సీసా, ఇంకా చాలా. అది నర్సుల కంట పడేది కాదు. దాని సంగతి నర్సులందరికీ తెలుసు.

ఇక అబద్ధం. ఆమె ఆడిన పెద్ద అబద్ధం ఒక్కటే, దాన్ని చాలా బాగా ఆడింది.

వెయ్యిన్నీ ఎనిమిది వందల ఎనభై ఆరులో, ఆగస్టు ఆఖరు రాత్రి, ఆ తీరమంతా భూమి కదిలింది. "అప్పుడు నాకు నాలుగేళ్లు" అని మొదలెట్టేది ఆర్వెల్లా. పొయ్యిగూడు కూలడం, కుక్కలు గాలిని చూసి మొరగడం, వాళ్ల నాన్న లోచొక్కా మీదే దేవుడికి లెక్క అప్పజెప్పడానికి మోకరించడం. తను మాత్రం ఏమీ ఎరగనట్టు ఒక పెట్టని చంకన పెట్టుకుని వాకిట్లో నిలబడింది. భూమి ఆగింది, పెట్ట గుడ్డు పెట్టింది, ఆ గుడ్డు తన చేతిలో పడింది. "అదే నేను పట్టిన మొదటి పురుడు." నొప్పుల మధ్యలో ఈ కథ చెప్పేది. గుడ్డు దగ్గరికొచ్చేసరికి ఎంతటి మనిషికైనా నవ్వొచ్చేది. నవ్వితే పొట్ట కదులుతుంది, పొట్ట కదిలితే బిడ్డ కదులుతుంది. ఆ వాగు చుట్టుపక్కల సగంమంది గుడ్డు దగ్గర పుట్టినవాళ్లే.

ఆ లెక్కన పందొమ్మిది వందల యాభై నాటికి ఆమెకి అరవై ఎనిమిది. అందరికంటే పెద్దది. మౌంట్ నీబో చర్చిలో నెలనెలా మొదటి మంగళవారం మంత్రసానుల సమావేశం జరిగేది. అక్కడ గులాబిరంగు దిండున్న పేము కుర్చీ ఒకటుంది, దాన్ని పెద్దమ్మ కుర్చీ అంటారు. అది ఆర్వెల్లాది. ప్రార్థన ముందు ఆమే చెయ్యాలి, వేపుడు కోడి మొదటి ముక్క ఆమే తియ్యాలి. టెంపీ ఇంకా అరవై కూడా నిండలేదని చెప్పుకునేది కాబట్టి మూడో బెంచీలో కూర్చునేది.

ఆ ఏప్రిల్ మంగళవారం పదకొండుమంది మంత్రసానులు తెల్లగా గంజి పెట్టుకుని వచ్చారు. చేతులు మోచేతులదాకా కడుక్కోవాలన్న పాటని భక్తిగీతం బాణీలో మూడు చరణాలు పాడారు. లెనోరా గ్యాడ్సన్ సంచులు తెరిచి చూసింది. లెనోరా వాళ్ల పిల్లే; ఆర్వెల్లా చేతుల్లో పుట్టి, అలబామా వెళ్లి నర్సు చదువు చదివి, కౌంటీ తనిఖీ నర్సై వాళ్ల కారులో తిరిగొచ్చింది. సంచుల పని అయ్యాక ఆమె ఒక కాగితం తీసింది. తీసి, వెంటనే చదవకుండా మడతలు సరిచేసింది.

"రాజధాని నుంచి వచ్చింది" అంది. "అరవై అయిదు నిండినవాళ్లు వచ్చే నెల సమావేశంలో పురుడు పోసే పర్మిట్ వెనక్కిచ్చెయ్యాలి. నిండనివాళ్లు కాగితం తేవాలి. కాగితం లేకపోతే ఇంటి బైబిల్లో రాసుంటే చాలు. అదీ లేకపోతే, పుట్టినప్పట్నుంచి ఎరిగినవాళ్లు ఇద్దరు ప్రమాణం చెయ్యాలి."

పది టోపీలు ఒక్కసారే పెద్దమ్మ కుర్చీ వైపు తిరిగాయి.

ఆర్వెల్లా దిండు సర్దుకుంది. "నన్నెందుకే చూస్తారు?"

"నువ్వే పెద్దదానివి కదా" అంది టెంపీ, మూడో బెంచీలోంచి, తేనె పూసినట్టు. "భూకంపమప్పుడు నాలుగేళ్లు. కోడీ, గుడ్డూ."

"నాకు అరవై ఎనిమిదని ఎవరన్నారు?"

"నువ్వేనమ్మా. నా మూడు కాన్పుల్లోనూ అన్నావు."

చర్చి కప్పెగిరిపోయేలా నవ్వారు. లెనోరా నవ్వలేదు. "మిసెస్ టిన్‌స్లీ" అంది. ఆ పిల్ల ఎప్పుడూ పెద్దమ్మా అనే పిలిచేది. "మీ వయసెంత?"

"నిజంగానా?"

"నిజంగానే."

"అరవై ఒకటి."

ఈసారి లెనోరా కూడా నవ్వింది. పాపం, ఆపుకోలేకపోయింది. నలభై ఏళ్లుగా ఆర్వెల్లా ఆడిన అబద్ధాన్ని అందరూ నమ్మారు. నిజం చెప్పిన ఆ ఒక్క ఉదయం ఎవరూ నమ్మలేదు.

నిజమే అది. కోడిని చంకన పెట్టుకున్న పిల్ల ఆర్వెల్లా కాదు, వాళ్లక్క సింథీ. సింథీ ఎనిమిదో ఏట విషజ్వరంతో పోయింది. తల్లి ఆ కథని ఎన్నిసార్లు చెప్పుకుందో లెక్కలేదు. ఇరవై రెండేళ్లకి ఆర్వెల్లా మొదటిసారి ఒంటరిగా పురుటికి వెళ్తే, ఆ ఇంటి అత్తగారు గుమ్మంలోనే ఆపి, "నిన్నగాక మొన్న పుట్టినదానివి, నీకు నా కోడల్ని అప్పజెప్పమంటావా?" అంది. మంత్రసాని అంటే తల నెరవాలి. ఆర్వెల్లా అక్కడికక్కడ ఆరేళ్లు వేసుకుంది. అడిగితే చూపించడానికి అక్క భూకంపం ఉండనే ఉంది. ఆ తర్వాత కథ బాగా నడిచింది, వెనక్కి తీసుకోవలసిన అవసరమే రాలేదు.

ఇప్పుడొచ్చింది. మేలో, ఇసుకదారి చివరింటి కొరీన్‌కి రెండో కాన్పు. కొరీన్ మొదటి కాన్పుకి పట్నం ఆస్పత్రికి వెళ్లింది. నల్లవాళ్లకిచ్చిన కింది గదిలో మంచాలు రెండు, ఆమె మూడో మనిషి. రెండు రోజులు బల్ల మీద పడుకోబెట్టారు, పలకరించిన నాథుడు లేడు. ఇంకోసారి అక్కడికి పంపితే వాగులో దూకుతానంది. పర్మిట్ లేకుండా పురుడు పోస్తే ఆర్వెల్లాకి జైలు. పర్మిట్ ఇచ్చేస్తే కొరీన్‌కి ఆ బల్ల. ఇంత వివరంగా ఆర్వెల్లా ఎవరికీ చెప్పలేదు. "పిల్లల్ని పట్టకుండా నేనేం చెయ్యాలి, బెండకాయలు లెక్కపెట్టుకోవాలా?" అని మాత్రం కొడుకు వెస్లీతో అంది.

ముందు చర్చి పెద్ద, డీకన్ హెజకయా బోల్డెన్ దగ్గరికి వెళ్లింది. ఆయనకి ఎనభై మూడు. చర్చికి జ్ఞాపకం అంటూ ఉంటే అది ఆయనే. ఆయన ప్రమాణం చేస్తే కౌంటీ వాళ్లు మారుమాట్లాడరు.

"నీ పుట్టుక నాకు తెలియకపోవడమేంటి?" అన్నాడాయన, వాకిట్లో కుర్చీ వేసి. "భూమి కదిలిన రాత్రి నేను మీ ఇంటి ముందే ఉన్నాను. పొయ్యిగూడు కూలింది. నువ్వు వాకిట్లో నిలబడ్డావు, చంకలో కోడి."

"అది నేను కాదు డీకన్‌గారూ. మా అక్క సింథీ."

"నాకు చెప్తున్నావా? నా కళ్లతో చూశాను. గుడ్డు నీ చేతిలో పడింది."

"గుడ్డు నేను కల్పించాను."

డీకన్ ఆమె వైపు జాలిగా చూశాడు. "తల్లీ, వయసు మీద పడితే ఇలాగే ఉంటుంది. జరిగినవి జరగలేదనిపిస్తాయి. నాకు బాగా గుర్తుంది, గోధుమరంగు గుడ్డు."

తన కథని తనకే ప్రమాణపూర్వకంగా తిరిగి అప్పజెబుతున్న మనిషితో ఆర్వెల్లా ఏమని వాదిస్తుంది? పైగా రంగు కొత్తది. బాగుంది కూడా. ముందే తట్టుంటే వాడుకునేదాన్ననుకుంటూ లేచింది.

ఆ ఆదివారం చర్చి ఆడవాళ్లు సాయానికి దిగారు. అసలు ఉపద్రవం అప్పుడొచ్చింది. ఆ చర్చిలో ఒక అలవాటుంది: ఎవరైనా కష్టంలో ఉంటే ఒకరు లేచి సాక్ష్యం చెప్తారు, తర్వాతి మనిషి దానికంటే గట్టిగా చెప్తుంది. రోగం తగ్గిందని ఒకరంటే, రోగి లేచి పరుగెత్తాడని ఇంకొకరంటారు. దేవుడి విషయంలో అది బాగానే పనిచేస్తుంది. వయసు విషయంలో ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు.

"ఆర్వెల్లా అవ్వకి అరవై నిండలేదు, దేవుడి సాక్షిగా" అంది మొదటావిడ.

"అరవయ్యా? యాభై ఎనిమిది" అంది పక్కావిడ. "మా అమ్మ చెప్పింది."

"యాభై అయిదు, ఆమెన్."

లవీ మే అనే ఆవిడ బెంచీ ఎక్కినంత పని చేసింది. "నలభై తొమ్మిది. పై నెల వస్తే నలభై తొమ్మిది. బైబిల్ తెండి, చెయ్యి పెడతాను."

"లవీ మే, కూర్చోవే" అంది ఆర్వెల్లా. "మా వెస్లీకి నలభై నిండాయి."

"అయితే?"

"తొమ్మిదేళ్లకి కన్నానా వాణ్ణి?"

"నువ్వేం చెయ్యలేవు గనక?" అంది లవీ మే, ఏమాత్రం తగ్గకుండా.

వెస్లీ టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని బయటికి నడిచాడు. మెట్ల మీద అతని భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. వెనక బెంచీలో కూర్చున్న లెనోరా చిన్న పుస్తకం తెరిచింది, అరవై, యాభై ఎనిమిది, యాభై అయిదు, నలభై తొమ్మిది అని రాసుకుంది, మూసేసింది. బయటికొచ్చాక, "పెద్దమ్మా, ఇంకో ఆదివారం గడిస్తే నిన్ను బళ్లో వెయ్యాల్సొస్తుంది" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఇలాంటి సాక్షుల్ని తీసుకుని నేను సంతకం పెట్టలేను. నా ఉద్యోగం పోతుంది, నీ పర్మిటూ పోతుంది. నిజంగా తెలిసినవాళ్లు ఒక్కరైనా లేరా?"

ఉంది. ఆర్వెల్లాకి ఆ సంగతి మొదటి రోజు నుంచీ తెలుసు, అందుకే మిగతా ఊరంతా తిరిగింది.

మర్నాడు పొద్దున్నే తెప్ప ఎక్కి వాగు దాటింది. టెంపీ వరండాలో అలసందలు ఒలుస్తోంది. పక్కనే రెండు గిన్నెలు, ఒకటి గింజలకి, ఒకటి పొట్టుకి.

"వచ్చావా" అంది తలెత్తకుండా. "పోయిన మంగళవారమే వస్తావనుకున్నాను. ఆలస్యంగా వచ్చినందుకు కాఫీ లేదు."

"నీ కాఫీ ఎవరిక్కావాలి. మీ నాన్న బైబిల్ కావాలి."

టెంపీ చేతులు ఆగాయి. వాళ్ల నాన్న ఆ వాగు చుట్టుపక్కల రాత వచ్చిన మొదటి నల్లమనిషి. తన పిల్లలతోపాటు అడిగిన ఇరుగుపొరుగు పిల్లల పుట్టుకలూ బైబిల్ చివరి కాగితాల్లో రాసిపెట్టేవాడు. ఆర్వెల్లా తండ్రి అడిగాడని ఆమె తల్లి ఒకసారెప్పుడో అంది.

"అందులో నీ పేరు లేదు" అంది టెంపీ.

"చూడనీ."

"ఎలుకలు కొట్టేశాయి."

"ఎలుకలు కొట్టిన చోటు చూడనీ."

"ఆర్వెల్లా, నువ్వు పెద్దదానివని నలభై ఏళ్లు నీ వెనక నడిచాను. కోడికాలు నీకొదిలి రెక్క తిన్నాను. ఇప్పుడొచ్చి పుస్తకం తెరవమంటే ఎలాగే?"

"తెరిస్తే నీకే లాభం. నేను చిన్నదాన్నని అందరి ముందూ ఒప్పుకుంటాను. అక్కా అని పిలుస్తాను. ఇదిగో, అక్కా."

"ఇంకోసారి అను."

"అక్కా."

"గొంతులో ప్రేమ లేదు" అంది టెంపీ. అయినా లేచింది. లోపలికి వెళ్లి, చాలాసేపటికి, గుడ్డలో చుట్టిన పుస్తకం తెచ్చింది. ఇస్తూ ఇస్తూ ఒక వేలు వదల్లేదు. "మా ఆయన ఓటిస్‌తో అనకు" అంది.

కాగితం పసుపుపచ్చగా ఉంది, రాత మాత్రం నిలువుగా, స్పష్టంగా. జాషువా కూతురు ఆర్వెల్లా, అక్టోబరు తొమ్మిది, వెయ్యిన్నీ ఎనిమిది వందల ఎనభై ఎనిమిది. ఆర్వెల్లా తన పేరు మీద వేలు పెట్టి రెండుసార్లు చదివింది. అరవై ఒకటి. ఎవరో తనని నిజంగా పుట్టించినట్టనిపించింది. అప్పుడే వేలు జారి పై వరస మీద పడింది. నా కూతురు టెంపరెన్స్, ఫిబ్రవరి పదకొండు, వెయ్యిన్నీ ఎనిమిది వందల ఎనభై అయిదు.

ఆర్వెల్లా పెదాలు కదుపుతూ కూడింది, మళ్లీ కూడింది.

"ఏమే" అంది చివరికి. "నీకు అరవై అయిదా?"

"రెండు నెలలైంది నిండి."

"ఓటిస్‌కి ఎంతని చెప్పావు?"

"యాభై ఆరు."

"నన్ను ముసలిదాన్ని చేసి..."

"నేనెక్కడ చేశానే? నువ్వు పెద్దదాన్నవుతానన్నావు, నేను చిన్నదాన్నవుతానన్నాను. నువ్వు వేసుకుంటూ పోయావు, నేను తీసేసుకుంటూ వచ్చాను. ఎదురెదురుగా నడిచి దాటిపోయాం. నడుమ ఎవరికేం నష్టం జరిగింది?"

ముందు ఎవరు నవ్వారో చెప్పడం కష్టం. ఆర్వెల్లాకి కళ్లలో నీళ్లొచ్చాయి, టెంపీ వరండా స్తంభం పట్టుకుంది. పెరట్లోంచి ఓటిస్ "ఏమైంది?" అని కేకేస్తే, "ఏం లేదు, నువ్వు ఎదిగే వయసువాడివి, ఆడుకో" అంది టెంపీ. దాంతో ఇద్దరూ మళ్లీ మొదలెట్టారు.

నవ్వు ఆగాక వరండా ఖాళీగా అనిపించింది. ఆ కాగితం లెనోరా చేతిలో పెడితే ఆర్వెల్లా పర్మిట్ నిలుస్తుంది, టెంపీది పోతుంది. రెండు వరసలూ ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి.

ఆర్వెల్లా పుస్తకం మూసి గుడ్డ చుట్టింది. "నేను దీన్ని చూళ్లేదు" అంది.

"చూశావు కదే."

"ఎలుకలు కొట్టేశాయి."

తెప్ప వైపు నడుస్తూ ఒకసారి వెనక్కి తిరిగింది. టెంపీ మళ్లీ కూర్చుని అలసందలు ఒలుస్తోంది. ఒలిచిన గింజలు తడుముకుని పొట్టు గిన్నెలో వేస్తోంది.

మే మొదటి మంగళవారం ఆర్వెల్లా పర్మిట్‌ని వెనక్కిచ్చెయ్యడానికి తెల్లబట్టలో చుట్టి తెచ్చింది. పెద్దమ్మ కుర్చీలో కూర్చుంది. ఇక ఇదే ఆఖరుసారి కాబట్టి దిండు గట్టిగా నొక్కి మరీ కూర్చుంది. చేతుల పాట రెండో చరణంలో ఉండగా టెంపీ వచ్చింది. ఏప్రన్ వేసుకోలేదు. ఎర్రపూల టోపీ పెట్టుకుని, చంకన బైబిల్‌తో, మూడో బెంచీ దాటి, నేరుగా కుర్చీ ముందుకొచ్చి నిలబడింది.

"లే."

"ఏంటే?"

"లే అంటున్నా. పెద్దదాన్ని నిలబెట్టి కూర్చుంటావా? పెంపకం లేదా?"

పాట తెగిపోయింది. టెంపీ బైబిల్ తెరిచి లెనోరా ముందు పెట్టింది. లెనోరా కింది వరస చదివింది, మొహం వెలిగింది. పై వరస చదివింది, వెలుగు ఆగింది.

"టెంపీ అవ్వా, ఇది చూపిస్తే నీది..."

"చదువొచ్చు నాకు." టెంపీ తోలుసంచీ బల్ల మీద పెట్టింది. "చుక్కల సీసా మీద అక్షరాలు నాకు కనపడ్డం మానేసి ఏడాదైంది పిల్లా. మొన్న శీతాకాలంలో ఒక బిడ్డకి చుక్కలు కంట్లో వేశానో చెంప మీద వేశానో తెలియక, వాడికి నెల నిండేదాకా రోజూ వెళ్లి దీపం ఊపి చూశాను. చూస్తున్నాడు, దేవుడి దయ. ఇంకోసారి దేవుణ్ణి అడగలేను." అందరి మొహాల్లోనూ జాలి కనపడింది. ఆమెకి అది నచ్చలేదు. "పైగా ఓటిస్‌కి చెప్పేశాను. అరవై అయిదేళ్ల పెళ్లాం వంట చెయ్యదు, నేర్చుకో అన్నాను. పొద్దున్నుంచీ పెరట్లో కోడిని తరుముతున్నాడు. ఇప్పటిదాకా కోడిదే గెలుపు."

ఆర్వెల్లా కుర్చీలోంచి లేచింది. ఏప్రన్ అంచుతో కళ్లొత్తుకుంది.

"ఏడవకు" అంది టెంపీ కూర్చుంటూ. "ఆ మొహానికి ఏడుపు నప్పదు. దిండేంటే ఇంత అణిగిపోయింది? నలభై ఏళ్లు ఏం కూర్చోబెట్టావు దీని మీద?"

లెనోరా ఆర్వెల్లా పర్మిట్ మీద ముద్ర వేసింది. కోడి మొదటి ముక్క తియ్యమని పళ్లెం తెస్తే, టెంపీ రెండు కాళ్లూ తీసుకుని ఆర్వెల్లాకి రెక్క వడ్డించింది.

పదమూడు రోజులకి కొరీన్‌కి నొప్పులొచ్చాయి, పొద్దున ఎనిమిదింటికి. ఆర్వెల్లా సంచులు రెండూ పట్టుకుని వెళ్లేసరికి టెంపీ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునుంది.

"నీకు పర్మిట్ లేదు" అంది ఆర్వెల్లా.

"కూర్చోడానికి పర్మిట్ ఎందుకే? చేతులు ఒళ్లో పెట్టుకున్నాను, చూడు."

చేతులు ఒళ్లోనే ఉన్నాయి. నోరు ఎక్కడా ఆగలేదు. నొప్పులు తెగడానికి మంచం కింద పెట్టే గొడ్డలిని అంచు పైకి పెట్టలేదంది. కొరీన్ మొగుడు ఎల్మోర్ టోపీ కొరీన్ తల మీద పెట్టాలి కదా, ఆదివారం టోపీ పెట్టారేమిటి, పనిటోపీ అయితేనే బలం అంది. మిరియాల కషాయం పలచగా ఉందంది.

"అక్కా" అంది ఆర్వెల్లా, మోచేతులదాకా కడుక్కుంటూ, "నీ పెద్దరికం వరండాలో పెట్టి రా."

"పెద్దరికం ఎక్కడికి పోయినా వస్తుందే. నువ్వు కొత్తగా చిన్నదానివయ్యావు, నీకు తెలీదు."

"నిన్ను జైల్లో పెట్టిస్తాను."

"పెట్టించు. అరవై అయిదేళ్లదాన్ని చూసి వాళ్లే కుర్చీ వేస్తారు."

కొరీన్ పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టింది. నవ్వుతూ మూలిగింది, మూలుగుతూ నవ్వింది. "అవ్వల్లారా, కాస్త ఆగండి. వచ్చేస్తోంది" అంది.

ఆర్వెల్లా చేతులు అప్పటికే అక్కడున్నాయి. జుట్టు, నుదురు, ఒక భుజం, తర్వాత జర్రున మిగతాదంతా. ఆడపిల్ల. ఆర్వెల్లా మొహం చూసింది, గుక్కపట్టి ఏడ్చింది. చుక్కలు రెండు కళ్లలోనూ సరిగ్గా పడ్డాయి. టెంపీ వంగి వంగి చూసి, ఒప్పుకున్నట్టు తలూపింది. సీసా ఊదగానే మాయ దిగింది.

పిల్లని తల్లి రొమ్ముకి చేర్చాక ఆర్వెల్లా వంటింటి బల్ల దగ్గర కూర్చుని జనన పత్రం తీసింది. తారీఖు రాసింది. సమయం దగ్గర ఆగింది. ఇదివరకైతే 'పొద్దున' అని పడేసేది, ఒక్కోసారి 'కాఫీ అయ్యాక' అని కూడా.

"ఎన్నింటికి పుట్టింది?"

"పదీ ఇరవై అయిదు" అంది టెంపీ.

"గడియారం నీకు కనపడదు."

"నీకు కనపడుతుందా?"

"ఆ గడియారం ఈస్టర్ నుంచీ ఆగిపోయుంది" అన్నాడు ఎల్మోర్, టోపీ లేని తల గోక్కుంటూ. "పదిన్నర అని రాసెయ్యవ్వా, ఏం పోయింది."

"ఏం పోయిందా?" ఆర్వెల్లా కలం దించింది. "ఇది రేపు ముసలిదై నా అంత నోరేసుకుని అబద్ధాలాడితే, దీన్ని ఎవరు కాపాడతారురా? లవీ మేనా? ఎల్మోర్, దుకాణానికి పరుగెత్తి ఇప్పుడెంతైందో కనుక్కో. దారిలో నీ అడుగులు లెక్కపెట్టు. టెంపీ, బిడ్డ పడ్డాక కెటిల్ ఎన్నిసార్లు పొంగింది?"

"రెండుసార్లు."

"ఒకటి."

"రెండు. నువ్వు నవ్వుతున్నావు, నేను చూశాను."

ఎల్మోర్ పరుగెత్తాడు. లోపల్నుంచి కొరీన్ "మూడు" అంది. మళ్లీ మొదట్నుంచి లెక్క మొదలెట్టారు, పిల్ల ఏడుపు ఎన్నిసార్లు ఆగిందో కూడా కలుపుకుంటూ, ఒకరి మీద ఒకరు కేకలేసుకుంటూ. ఎల్మోర్ రొప్పుతూ తిరిగొచ్చాక ఆర్వెల్లా దుకాణం గడియారం లెక్కలోంచి అతని అడుగులు తీసేసింది, కెటిల్‌ని రెండుకీ మూడుకీ మధ్య ఖాయం చేసింది, టెంపీ చేత ఒప్పించింది. అప్పుడు గుండ్రటి అక్షరాలతో, నాలుక పంటి కింద పెట్టుకుని, రాసింది: పది గంటల ముప్పై ఒక్క నిమిషాలు.